మ్యూజియంలో ఫొటో ముందు నిలబడి 'నా స్పందన' రాయాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీరు ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నారు. బెంగళూరు కస్తూర్బా రోడ్డులో ఉన్న మ్యాప్‌కి (మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ) మీ క్లాసును తీసుకెళ్లారు. సమకాలీన ఫొటోగ్రాఫర్లలో ఒకరిని ఎంచుకుని రెండు మూడు పేజీల వ్యక్తిగత స్పందన రాయమన్నారు, దానికి జవాబుగా మీరు తీసిన కొన్ని ఫొటోలు కూడా జతచేయమన్నారు. మొదటి చిత్తు ఇస్తే మీ మాస్టారు "ఇది ఫొటోగ్రాఫర్ జీవిత చరిత్ర, ఇందులో నువ్వెక్కడ?" అన్నారు. రెండోసారి మీ చిన్నప్పటి ముచ్చట్లు రాసిస్తే "ఇందులో ఫొటో ఎక్కడ?" అన్నారు. ఇప్పుడు ఏం రాయాలో తోచడం లేదు, అసలు మీకు కళ్లే లేవేమో అనిపిస్తోంది అని రాశారు.

కళ్లున్నాయి. మీ మాస్టారు రెండుసార్లూ చెప్పింది ఒకే మాట. మొదటి చిత్తులో మీరు లేరు, రెండో దాంట్లో ఫొటో లేదు. ఇద్దరూ ఒకే పేజీలో కలుసుకోవాలి.

నేను కొంతకాలం పత్రికలకి ఫొటోలు తీసి, తర్వాత హైదరాబాద్‌లో ఫొటోగ్రఫీ పాఠాలు చెప్పడంలో పడ్డాను. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో జరిగే ఇండియన్ ఫొటోగ్రఫీ ఫెస్టివల్‌కి, వీలైనప్పుడు చెన్నై ఫొటో బినాలేకి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్తుంటాను. మీరు పడుతున్న ఇబ్బంది దాదాపు అందరూ పడతారు. దానికి కారణం మనకి ఫొటోతో ఉన్న అలవాటే. ఫొటో కనపడగానే మనం "ఎవరిది?" అని అడుగుతాం. హాల్లో దండ వేసి ఉన్న తాతగారి ఫొటో, పెళ్లి ఆల్బం, రేషన్ కార్డు మీది ఫొటో, అన్నిటిలోనూ మనిషి ఎవరో మనకి తెలుసు, సందర్భం తెలుసు. మ్యూజియంలో గోడ మీద ఉన్నది ఎవరో తెలియని మనిషి, ఏ ఊరిదో తెలియని గది. అక్కడ ఆ ప్రశ్నకి జవాబు రాదు. అప్పుడు కొందరు గబగబా లేబులు చదివి వివరాలు పోగేసుకుంటారు. కొందరు తమ జ్ఞాపకాల్లోకి జారిపోతారు. మీరు ఒక్కో చిత్తులో ఒక్కోటి చేశారు.

నేను చెప్పే దారి ఇది. ముందు ఫొటోని చూడండి. అది మీలో దేన్ని కదిపిందో రాసుకోండి. ఆ తర్వాత మళ్లీ ఫొటో దగ్గరికి వెళ్లి, మీ జ్ఞాపకానికి ఆ ఫొటో ఎక్కడ ఒప్పుకోవడం లేదో వెతకండి. ఆ ఒప్పుకోని చోటే మీ వ్యాసం మొదలవుతుంది. చాలామంది రెండో మెట్టు దగ్గరే ఆగిపోతారు. జ్ఞాపకం వచ్చిందంటే స్పందన అయిపోయిందనుకుంటారు. కానీ "ఇది చూస్తే మా అమ్మమ్మ గుర్తొచ్చింది" అన్న వాక్యం ఏ ఫొటో కింద పెట్టినా అతుకుతుంది. మీరు చూసిన ఆ ఒక్క ఫొటోకే అతికే వాక్యం రావాలంటే మూడో మెట్టు ఎక్కక తప్పదు.

ఏ ప్రదర్శన చూశారో మీరు రాయలేదు. అందుకని నేను పాఠాల్లో వాడే ఫొటోగ్రాఫర్లనే ఉదాహరణగా తీసుకుంటాను.

దయానితా సింగ్ 2013లో 'ఫైల్ రూమ్' అనే పుస్తకం తెచ్చారు. నలుపు తెలుపులో మన దేశపు దస్తావేజుల గదులు. ఇనుప ర్యాకులు, వాటి నిండా దస్త్రాలు, గుడ్డలో కట్టిన కాగితాల మూటలు, కొన్నిటిలో ఆ గదిని చూసుకునే ఉద్యోగి. అంతే. ఫొటోల కింద ఊరి పేరూ వివరమూ పెట్టడం ఆవిడకి ఇష్టం ఉండదు. తెలుగువాళ్లెవరైనా ఈ ఫొటోలు చూసి ఊరికే ఉండలేరు. పహాణీ కోసమో అడంగల్ కోసమో ఎమ్మార్వో ఆఫీసులో నిలబడిన ఇల్లు లేని ఊరు ఉండదు కదా.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి వాళ్ల ముత్తాత ఊరి కరణం. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. అంతదాకా ఊరి భూముల లెక్కలన్నీ వాళ్లింట్లోనే ఉండేవట. రద్దయ్యాక ఆ కట్టలన్నీ ఇంట్లోంచి తరలిపోయిన రోజు గురించి ఇంట్లోవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారట. ఆ అమ్మాయి 'ఫైల్ రూమ్' చూసి ఇదంతా రాసుకొచ్చింది. చక్కగా రాసింది. అయినా వెనక్కిచ్చి, పుస్తకం మళ్లీ తెరిచి, మీ ముత్తాతగారి ఇంటికీ ఈ గదికీ తేడా ఎక్కడుందో వెతకమన్నాను.

వారం తర్వాత ఆ అమ్మాయి తెచ్చిన పేజీ వేరేగా ఉంది. ఈ ఫొటోల్లో కాగితం ఇంతగా ఉన్నా చదవడానికి వీలయ్యే అక్షరం దాదాపు లేదని మొదటి వాక్యంలోనే గమనించింది. వాళ్లింట్లో కాగితమంటే ఫలానా వాళ్ల చెలక, ఫలానా వాళ్ల తరి. ముత్తాత చెయ్యి పెడితే కావలసిన కట్టే చేతికొచ్చేది. ఆ ఒక్క నేర్పు వల్లే ఊళ్లో ఆయనంటే గౌరవం, ఆయనంటే భయం. సింగ్ ఫొటోలో కట్టలన్నీ మూసే ఉన్నాయి. అక్కడి కాగితం ఎవరి పొలమూ కాదు, బరువు మాత్రమే. ఆ బరువు మధ్య కూర్చున్న ఉద్యోగి మొహంలో ఆ అమ్మాయికి ముత్తాత కనిపించాడు. మళ్లీ అక్కడే ఇంకో తేడా పట్టుకుంది. ముత్తాత ఆ కాగితాలకి యజమానిలా ఉండేవాడు, ఈ ఉద్యోగి వాటికి కాపలాదారు. చివరికి ఆ అమ్మాయి రాసింది వాళ్ల ఇంటి గురించే, కానీ ఆ పేజీని దయానితా సింగ్ ఫొటోల నుంచి విడదీసి చదవలేం. మీ మాస్టారు అడుగుతున్నది ఇలాంటి పేజీనే అని నాకనిపిస్తోంది.

ఇది రాయాలంటే ఫొటోని ఎంతసేపు చూడాలి అని అడుగుతారు. మీరు అనుకున్నదానికన్నా చాలాసేపు. గదిలోకి వెళ్లగానే లేబుళ్లు చదవకుండా ఒకసారి మొత్తం తిరిగి రండి. మిమ్మల్ని లాగిన ఫొటో గానీ, చిరాకు పెట్టిన ఫొటో గానీ ఒక్కటే ఎంచుకోండి. దాని ముందు కూర్చుని పెన్సిలుతో చిన్న బొమ్మ గీయండి. చాలా మ్యూజియంలలో గ్యాలరీ లోపల పెన్ను వాడనివ్వరు, పెన్సిలు పరవాలేదంటారు. బొమ్మ బాగా రావాల్సిన పని లేదు. గీస్తున్నప్పుడు కన్ను ఫ్రేము అంచుల దాకా వెళ్తుంది, మామూలుగా చూసేటప్పుడు అంత దూరం వెళ్లదు. ఎడమ అంచున సగం తెగిపోయిన చెయ్యి ఉందని గీస్తేగానీ తెలియదు. అది ఎందుకు తెగింది? ఫొటోగ్రాఫర్ ఒక్క అడుగు వెనక్కి వేస్తే చెయ్యి మొత్తం పడేది. వేయలేదు. ఎందుకు వేయలేదో మీరు ఆలోచించడం మొదలుపెట్టారంటే పని సగం అయినట్టే.

తర్వాత కెమెరా ఎక్కడుందో చూడండి. ఇది నేను అందరి చేతా చేయించే పని. కెమెరా నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో ఉందా, నడుము ఎత్తులో ఉందా, కూర్చున్న మనిషితో పాటు కిందికి దిగిందా? ఎదుటి మనిషికి ఎంత దూరంలో ఉంది, చెయ్యి చాస్తే అందేంతా, వీధి అవతల నుంచా? వెలుగు ఎటు నుంచి పడుతోంది? ఆ మనిషి మన వైపు చూస్తున్నారా, చూస్తుంటే ఎలా చూస్తున్నారు? ఇవన్నీ పొడి వివరాల్లా కనిపిస్తాయి. కానీ ఫొటోగ్రాఫర్‌కీ ఆ మనిషికీ మధ్య ఏం జరిగిందో చెప్పే సాక్ష్యం వీటిలోనే ఉంటుంది. "ఆప్యాయంగా ఉంది", "దూరంగా ఉంది" లాంటి మాటలు మీరు రాయొచ్చు, వాటికి ఆధారం ఫ్రేములో ఎక్కడుందో చూపించగలిగితే.

గోడ మీద ఉన్నది ఒక వస్తువు అన్న సంగతీ మరిచిపోవద్దు. ఫోన్‌లో చూసిన ఫొటోకి కొలత ఉండదు. మ్యూజియంలో ప్రింటుకి కొలత ఉంటుంది, కాగితం ఉంటుంది, అద్దం ఉంటుంది, పక్కన ఇంకో ఫొటో ఉంటుంది. అరచేతిలో పట్టేంత ప్రింటు అయితే దగ్గరికి వంగి చూస్తారు, గోడంత ప్రింటు అయితే నాలుగడుగులు వెనక్కి జరుగుతారు. మీ ఒళ్లు చేసిన ఆ పని కూడా స్పందనే, రాయండి. గదిలో వెలుతురు తక్కువగా ఉందని మీకు అనిపించి ఉంటుంది. ఫొటో కాగితం మీద వెలుగు చేసే నష్టం రోజురోజుకీ కూడుతూ పోతుంది, వెనక్కి తిరగదు. అందుకే సున్నితమైన ప్రింట్లని 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దగ్గర ఉంచడం మ్యూజియంల ఆనవాయితీ, కొన్నాళ్లు చూపించి మళ్లీ చీకట్లో పెట్టేస్తారు. కన్ను ఆ వెలుతురుకి అలవాటు పడ్డాక నలుపులో దాగిన వివరాలు ఒక్కొక్కటే బయటపడతాయి. త్వరగా వెళ్లిపోయేవాళ్లకి అవి కనిపించవు.

లేబులు ఆ తర్వాత చదవండి. అందులో పేరు, సంవత్సరం, ఏ రకం ప్రింటు, కొలత, ఎవరి సేకరణ అన్నవి ఉంటాయి. ఒక్కోసారి సంవత్సరం ఒక్కటే మీరు అనుకున్నదంతా తిరగేస్తుంది. పాతకాలపు ఫొటో అనుకున్నది మీరు పుట్టాక తీసినదని తేలితే, పాతదని మీకెందుకు అనిపించిందో రాయండి. నలుపు తెలుపు వల్లా, ఆ మనుషుల బట్టల వల్లా, ఆ ఊళ్ల గురించి మీ మనసులో ముందే ఉన్న బొమ్మ వల్లా? దీనికి నిజాయితీగా జవాబు రాస్తే అదే ఒక పేజీ అవుతుంది.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన పని గురించి చెబుతాను. గౌరీ గిల్ 1999 నుంచి పశ్చిమ రాజస్థాన్ పల్లెల్లో ఫొటోలు తీస్తూ వచ్చారు. 2003లో లూణ్‌కరణ్‌సర్ అనే చిన్న పట్నంలో ఒక స్వచ్ఛంద సంస్థ చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లల కోసం బాలికా మేళా పెట్టింది. గిల్ అక్కడ ఒక ఫొటో దుకాణం లాంటిది వేశారు. ఇష్టమున్న అమ్మాయి లోపలికి రావచ్చు, తనకి నచ్చినట్టు నిలబడొచ్చు, ఫొటో తీయించుకోవచ్చు. ఒంటరిగా వచ్చినవాళ్లున్నారు, భుజాల మీద చేతులు వేసుకుని స్నేహితురాళ్లతో వచ్చినవాళ్లున్నారు. ఆ పిల్లలు కెమెరా కళ్లలోకి నేరుగా చూస్తారు. 2010లో ఆవిడ మళ్లీ అక్కడికి వెళ్లారు. 'బాలికా మేళా' పేరుతో పుస్తకం 2012లో వచ్చింది.

ఈ ఫొటోల ముందు నాకు మా అక్క ఫొటో గుర్తొస్తుంది. మా ఊళ్లో స్టూడియో ఒకటే. ఆడపిల్లకి సంబంధాలు చూడ్డం మొదలుపెట్టగానే స్టూడియోకి తీసుకెళ్లి నిలువెత్తు ఫొటో తీయించేవారు. వెనక గీసిన తోట తెర, పక్కన పూలకుండీ స్టాండు, పట్టుచీర, జడ ముందుకి వేసి, చెయ్యి కుర్చీ మీద. స్టూడియో ఆయన గడ్డం పట్టుకుని మొహం ఎటు తిప్పాలో తిప్పేవాడు. ఆ ఫొటో కవర్లో పెట్టి ఊళ్లు తిప్పేవాళ్లు, కొన్ని తిరిగొచ్చేవి, కొన్ని రావు. నా తరం వాళ్లకి ఇది కొత్త కాదు.

బాలికా మేళా ఫొటోల్లోనూ తెర ఉంది, నిలువెత్తు ఆడపిల్ల ఉంది, నిలబడ్డంలో కాస్త బిగుసుకోవడం ఉంది. మొదట చూసినప్పుడు నాకు రెండూ ఒకటే అనిపించాయి. ఆ పోలికతోనే ఆగిపోతే నేను గౌరీ గిల్ పని చూసినట్టు కాదు. ఫొటో నా జ్ఞాపకానికి ఎక్కడ అడ్డం తిరిగింది? ఆ పిల్లల చూపు దగ్గర. మా అక్క చూపు కెమెరా పక్కకి ఉంది, ఎందుకంటే ఆ ఫొటో ఇంకెవరో చూడ్డానికి తీసింది, అక్కకి అందులో చెప్పడానికేమీ లేదు. ఈ పిల్లలు నేరుగా చూస్తున్నారు. ఫొటో అడిగింది వాళ్లే. ప్రింటు కావాలంటే కొనుక్కుని ఇంటికి తీసుకెళ్లొచ్చు. ఎలా నిలబడాలో ఎవరూ గడ్డం పట్టుకుని తిప్పలేదు. ఇది తట్టాక ఇంటికెళ్లి మా అక్క ఫొటో తీసి మళ్లీ చూశాను. అన్నేళ్లలో ఎప్పుడూ గమనించనిది, అక్క కుర్చీ మీద పెట్టిన చెయ్యి పిడికిలి బిగించి ఉంది. మంచి ఫొటో మనకి ఇలా చేస్తుంది. మన ఇంట్లో ఉన్న ఫొటోని చూసే కళ్లు ఇస్తుంది.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. 1892లో హైదరాబాద్‌లో ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ పరదా పాటించే స్త్రీల కోసం విడిగా జనానా స్టూడియో పెట్టారు, దాన్ని నడిపిందీ ఒక స్త్రీయే. ఆడవాళ్లు ఎవరి ముందు, ఎవరి కోసం ఫొటో దిగుతారన్న ప్రశ్న మన ఊళ్లో కొత్తది కాదు. మీరు పోర్ట్రెయిట్ల గురించి రాస్తుంటే ఈ దారి కూడా తొక్కి చూడండి.

గౌరీ గిల్‌దే ఇంకో వరుస ఉంది, 'ట్రేసెస్'. ఎడారిలో సమాధులు. మనం చూసే గోరీల్లాంటివి కావు. ఇసుకలో కొన్ని రాళ్లు, చనిపోయిన మనిషి వాడిన ఏదో ఒక వస్తువు, అంతే. ఆ ఫొటోల గురించి నేను ఇంతవరకు ఒక్క వాక్యం కూడా రాయలేకపోయాను, పాఠంలో కూడా చూపించి మౌనంగా ఉంటాను. మాట రాకపోవడం స్పందన కాదని అనుకోకండి. కాకపోతే మాట ఎక్కడ ఆగిపోయిందో ఆ చోటు చెప్పాలి. ఫొటోలో ఏ వస్తువు దగ్గర, ఏ మూల దగ్గర ఆగిపోయిందో.

ఇక మీరు ప్రశ్న చివర్లో మొహమాటంగా అడిగిన సంగతి: "నాకు నచ్చకపోతే అలాగే రాయొచ్చా?" రాయొచ్చు. రాయాలి కూడా. కానీ నచ్చకపోవడానికి రెండు రకాల కారణాలుంటాయి, రాసేముందు మీది ఏదో తేల్చుకోండి. ఒకటి, ఫొటో సరిగా పనిచేయడం లేదన్న అనుమానం. రెండోది, ఫొటో మీరు చూడదలుచుకోనిదాన్ని చూపించడం. ఈ రెండోదాన్ని చాలామంది మొదటిదిగా పొరపడతారు.

సోహ్రాబ్ హురా పని చూపించినప్పుడు మా క్లాసులో ప్రతిసారీ వాదన లేస్తుంది. ఆయన తల్లికి తీవ్రమైన మానసిక వ్యాధి. ఇంట్లో ఆమెనీ, ఆమె పెంచుకున్న కుక్కనీ ఏళ్ల తరబడి ఆయన ఫొటోలు తీశారు. "కన్నతల్లిని ఇలా పదిమందికి చూపించొచ్చా?" అని ఒకరు అంటారు. "ఇంట్లో దాచి తలుపేసుకోవడం కన్నా ఇది నయం" అని ఇంకొకరు. మన దగ్గర ఇలాంటి రోగి ఉన్న ఇళ్లు ఎన్నో, వచ్చినవాళ్లకి ఆ గది తలుపు చూపించని ఇళ్లు ఇంకెన్నో. మీకు కోపం వస్తే కోపమే రాయండి. కానీ అక్కడితో ఆగకండి. కెమెరా ఆమెకి ఎంత దగ్గరగా ఉందో చూడండి. కుక్క ఉన్న ఫొటోల్లో ఇంట్లోకి ఏం వచ్చిందో చూడండి. ఆమె కొడుకు వైపు చూసే చూపు, బయటివాళ్ల వైపు చూసే చూపులాగే ఉందా? అప్పటికీ కోపం తగ్గకపోతే ఆ కోపానికి బలం వస్తుంది, ఎందుకంటే మీరు ఫొటోకి చెప్పుకునే అవకాశం ఇచ్చారు. నా మటుకు నాకు ఆ ఫొటోల్లో కనిపించేది కొడుకు ఆ గదిలోంచి పారిపోకుండా ఉండడం. మీరు దీనికి ఒప్పుకోనక్కర్లేదు.

ఇక రెండో భాగం, మీరు తీయాల్సిన ఫొటోలు. దయానితా సింగ్‌ని ఎంచుకున్నవాళ్లు పాత ఫైళ్ల ఫొటోలు తీసుకొస్తారు, గౌరీ గిల్‌ని ఎంచుకున్నవాళ్లు పల్లెకి వెళ్లి నలుపు తెలుపులో పిల్లల్ని తీసుకొస్తారు. అది అనుకరణ. జవాబు అంటే వేరు. జవాబు ఎలా ఉంటుందో చూడాలంటే పుష్పమాల ఎన్. అనే కళాకారిణి పని దగ్గరికి వెళ్లండి. ఆవిడది మీరు వెళ్లొచ్చిన బెంగళూరే.

2000 నుంచి 2004 దాకా ఆవిడ క్లేర్ ఆర్నీ అనే ఫొటోగ్రాఫర్‌తో కలిసి దక్షిణ భారత స్త్రీల మీద ఒక పెద్ద వరుస చేశారు. అందరూ చూసేసిన బొమ్మల్ని తీసుకుని, తెరలు గీయించి, నగలూ బట్టలూ కుదిర్చి, ఆ బొమ్మలో స్త్రీగా తనే నిలబడ్డారు. రవివర్మ వెన్నెల్లో కూర్చోబెట్టిన స్త్రీ ఒకటి. బీజాపూర్ సుల్తానుల కాలంలో గీసిన గోరువంక పట్టుకున్న యోగిని ఇంకొకటి, అసలు చిత్రం ఇప్పుడు డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ సేకరణలో ఉంది. బ్రిటిష్ కాలంలో మనుషుల ఒళ్లు కొలవడానికి వెనక గళ్లు పెట్టి తీసిన ఫొటోల తరహాలో మరొకటి. ఆ గళ్ల పద్ధతిని 1869లో జాన్ లాంప్రే అనే ఆయన ప్రతిపాదించాడు, రెండంగుళాల గళ్లు వచ్చేలా చట్రానికి పట్టుదారాలు కట్టి, దాని ముందు మనిషిని నిలబెట్టి ఫొటో తీయడం.

ఇప్పుడు ఆలోచించండి. రవివర్మ స్త్రీ, సుల్తాను యోగిని, గళ్ల ముందు నిలబెట్టిన ఆడమనిషి, ముగ్గురినీ చూసింది ఎవరో, ముగ్గురూ మాట్లాడలేదు. పుష్పమాల ఆ చోట్లోకి తన ఒంటితో వెళ్లి నిలబడ్డారు. ఆ భంగిమలో ఉంటే మెడ ఎలా నొప్పి పెడుతుందో, ఆ చూపు చూడాలంటే కళ్లని ఎలా నిలపాలో ఆవిడకి తెలిసింది. మ్యూజియం బొమ్మకి ఒక మనిషి ఇచ్చిన వ్యక్తిగత స్పందన అంటే నాకు తెలిసినంతలో ఇంతకన్నా గట్టిది లేదు. కొన్నిటిలో తెర అంచు, స్టూడియో సరంజామా కూడా కనిపించేలా వదిలేస్తారు, ఇది కట్టిన బొమ్మ అని మనం మరిచిపోకుండా.

మీరు వేషం కట్టనక్కర్లేదు. మీరు ఎంచుకున్న ఫొటోగ్రాఫర్ పెట్టుకున్న నియమం ఏమిటో కనిపెట్టండి, ఆ నియమాన్ని మీ బతుకులోకి తీసుకెళ్లండి. బాలికా మేళాలో నియమం, ఫొటో కావాలన్న మనిషే భంగిమ నిర్ణయించుకోవడం. దాన్ని మీ హాస్టల్లో పెట్టి చూడండి. ఖాళీ గదిలో దుప్పటి కట్టి, తలుపు తీసి ఉంచి, ఎవరొచ్చినా వాళ్లకి నచ్చినట్టు తీసి, ప్రింటు వాళ్ల చేతిలో పెట్టండి. 'ఫైల్ రూమ్'లో నియమం, కాగితాన్ని చదవనివ్వకుండా చూపించడం. మీ ఇంట్లో ఎవరూ తెరవని బీరువా, అమ్మ దాచిన ఆసుపత్రి చీటీలు, నాన్న ఎల్ఐసీ బాండ్ల కవరు, ఇవన్నీ ఆ నియమానికి లోబడతాయి. ఆ కాగితాలు ఎవరివైతే వాళ్లని అడిగే తీయండి, ప్రింటు బయటపెట్టే ముందు వాళ్లకి చూపించండి. మనుషుల ఫొటోలైతే ఇది ఇంకా ముఖ్యం. మీరు మ్యూజియంలో మెచ్చుకున్న చనువు వెనక ఏళ్ల తరబడి ఒకే ఊరికి తిరిగి వెళ్లడం ఉంది. ఒక సాయంత్రం వెళ్లి అలాంటి ఫొటో తీసుకురావాలనుకోవడం ఆ మనుషులకి మంచిది కాదు, మీ ఫొటోకీ మంచిది కాదు.

ఎన్ని పెట్టాలన్నది మీ మాస్టారు చెప్పకపోతే తక్కువ పెట్టండి, కాగితం మీద ప్రింటు తీసి పెట్టండి. ప్రింట్లు నేల మీద పరిచి ఏది దేని పక్కన ఉంటే ఏమవుతోందో చూడండి. దయానితా సింగ్ ఈ ఆటని చాలా దూరం తీసుకెళ్లారు. మడిచే తెరల్లా విచ్చుకునే చెక్క చట్రాలు చేయించి, వాటిలో ఫొటోలు మార్చుకునే వీలు పెట్టి, ఒక్కోదాన్నీ ఒక మ్యూజియం అన్నారు. అన్నిటినీ కలిపి 'మ్యూజియం భవన్' అని పేరు పెట్టారు. పక్కనున్న ఫొటో మారితే ఈ ఫొటో మారుతుందని వాటి ముందు ఒక్కసారి నిలబడితే తెలుస్తుంది. మీ గది నేల మీద కూడా అదే జరుగుతుంది.

వ్యాసం పొడవు గురించి బెంగపడకండి. ఫొటోగ్రాఫర్ పుట్టిన ఊరు, అందుకున్న అవార్డులు మీ వాదనకి పనికొస్తేనే రాయండి, లేకపోతే తీసేయండి. దయానితా సింగ్‌కి 2022లో హాసెల్‌బ్లాడ్ అవార్డు వచ్చింది, గౌరీ గిల్‌కి 2023లో ప్రి పిక్టే అనే ఫొటోగ్రఫీ అవార్డు వచ్చింది, ఈ సంగతులు మీ మాస్టారికి ముందే తెలుసు. గోడ మీద క్యూరేటర్ (ప్రదర్శనని కూర్చినవారు) రాసిన మాటల్ని మీ మాటలుగా ఎత్తి రాయకండి. క్యూరేటర్‌తో పేచీ ఉంటే మాత్రం ఆయన మాట ఇదీ, నాకు కనిపించింది ఇదీ అని రెండూ పెట్టండి. "అద్భుతం", "హృదయాన్ని తాకింది" లాంటి మాటలు వచ్చిన చోటల్లా పెన్సిలుతో గీత గీసి, అక్కడ ఫొటోలోని ఒక వివరం పెట్టండి.

చిత్తు పూర్తయ్యాక, ఇచ్చేముందు ఒక పని చేయండి. ఆ ఫొటో ఎప్పుడూ చూడని స్నేహితుడికి మీ పేజీ చదివి వినిపించి, కాగితం మీద ఆ ఫొటో గీయమనండి. ఎవరు ఎక్కడ ఉన్నారు, కెమెరా ఎంత దూరంలో ఉంది, వెలుగు ఎటు నుంచి, ఇంతవరకు రావాలి. తర్వాత ఇంకొకరికి, మీ గురించి అంతగా తెలియని వాళ్లకి, అదే పేజీ ఇచ్చి "ఇది రాసిన మనిషి ఎలాంటి ఇంట్లో పెరిగారనుకుంటున్నావు?" అని అడగండి. ఇద్దరిలో ఎవరు తడబడితే మీ పేజీలో ఆ సగం ఇంకా రాయాల్సి ఉంది.